ఇంటికీ పనికీ ఒకే వ్యాన్: పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని చూసి కొనడం ఎలా?

"సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్ తీసుకుందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని అడిగేవాళ్లు రోజురోజుకీ పెరుగుతున్నారు. అందరి అవసరమూ ఇంచుమించు ఒకటే. వారంలో ఎక్కువ రోజులు పనిముట్లూ సామానూ మోయాలి, సెలవు రోజున అదే బండిలో పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించుకోవాలి. దారిలో బురదో, మంచో, ఎత్తయిన మట్టి రోడ్డో తగులుతుంది. రెండు బండ్లు పెట్టుకునే వీలుండదు.

పాత బండి విషయంలో మోడల్ పేరు కంటే మీ ముందున్న ఆ ఒక్క బండి ఎలా ఉందన్నదే ముఖ్యం. పైగా ఈ వ్యాన్లలో ఒక చిక్కుంది. ఫోర్ వీల్ డ్రైవ్ పూర్తిగా చెడిపోయినా మామూలు రోడ్డు మీద బండి హాయిగా పరిగెడుతుంది. అందుకే చాలామంది ఏ భాగం కోసం ఎక్కువ డబ్బు పెడుతున్నారో దాన్నే పరీక్షించకుండా కొనేస్తున్నారు. కింద ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మంచి టార్చి లైటు, నేల మీద పరుచుకోవడానికి పాత దుప్పటి
- గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం
- టైరు అరుగుదల కొలిచే గేజ్
- ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం. ఇంజన్ కోడ్‌లు మాత్రమే చూపించే చవక రకం కాకుండా ఏబీఎస్, ఫోర్ వీల్ డ్రైవ్ మాడ్యూళ్లను కూడా చదివేది దొరికితే అరువు తెచ్చుకోండి
- మీ పిల్లల కారు సీట్లు, మీరు రోజూ మోసే సామానులో అన్నిటికన్నా పొడవైనది
- ఒక తోడు మనిషి. ఒకరు నడపాలి, ఒకరు బయట నిలబడి చక్రాలు చూడాలి

1. ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా కావాలా, తేల్చుకోండి

నాలుగు చక్రాలకీ శక్తి అందితే బండి కదలడం తేలికవుతుంది. ఆగడం మాత్రం తేలిక కాదు. జారే రోడ్డు మీద బ్రేక్ వేసినప్పుడు పట్టు ఇచ్చేది టైరే. ఏడాదికి రెండు మూడు రోజులే బురద తగిలేవాళ్లకి మంచి టైర్లు వేసిన టూ వీల్ డ్రైవ్ వ్యాన్ చాలు. అందులో సామాను ఎక్కువ పడుతుంది, డీజిల్ తక్కువ తాగుతుంది, పాడయ్యే భాగాలూ తక్కువ. తడి గడ్డి మీద ట్రెయిలర్ లాగేవాళ్లు, తారు రోడ్డు లేని చోటికి తరచూ వెళ్లేవాళ్లు, మంచు కురిసే చోట పనికి వెళ్లక తప్పనివాళ్లు అయితే ముందుకు వెళ్లండి.

2. బరువు లెక్క కాగితం మీద వేయండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వెనక ఖాళీ చూసి "బోలెడు చోటుంది" అనుకుంటారు. చోటు ఉన్నంత మాత్రాన అంత బరువు మోయొచ్చని కాదు.

డ్రైవరు తలుపు దగ్గరి స్తంభం మీదో, సీటు కిందో ఒక ప్లేటు ఉంటుంది. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఎంత బరువు దాటకూడదో, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత పడొచ్చో దాని మీద రాసి ఉంటుంది. మొత్తం పరిమితిలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీరు ఎక్కించదగ్గ బరువు వస్తుంది.

ఒక లెక్క చూడండి. పరిమితి 3000 కిలోలు, ఖాళీ బండి 2150 అనుకుందాం. మిగిలింది 850. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు కలిసి 255. లోపల బిగించిన అరలు 90. పనిముట్లు 180. పైన క్యారియర్, నిచ్చెన 45. ట్రెయిలర్ ఉంటే హుక్కు మీద పడే బరువు 75. మొత్తం 645 అయిపోయింది. చూడ్డానికి ఇంకా సగం ఖాళీగా కనిపించే వ్యాన్‌లో మీకు మిగిలింది 205 కిలోలే.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకే మోడల్‌లో టూ వీల్ డ్రైవ్ కంటే ఫోర్ వీల్ డ్రైవ్ బరువెక్కువ, అంత మేరకు మోసే శక్తి తగ్గుతుంది. అమ్మకం ప్రకటనల్లో కనిపించే అంకె తరచుగా టూ వీల్ డ్రైవ్‌దే. ఇక, కంపెనీ చెప్పే ఖాళీ బరువు కొత్త బండిది. తర్వాత ఎవరో వేసిన చెక్క నేల, రెండో బ్యాటరీ, ఇనుప బంపర్ అందులో ఉండవు.

సరిచూసుకునే మార్గం: బేరం కుదిరేలోపు బండిని వేబ్రిడ్జి ఎక్కించండి. మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఒకసారి తూయించండి. మొత్తం పరిమితిలోనే ఉండి, వెనక ఇరుసు మీద మాత్రం బరువు దాటిపోవడం ఈ వ్యాన్లలో చాలా మామూలు.

లైసెన్స్ కూడా చూసుకోండి. యూరప్ దేశాల్లో మామూలు కారు లైసెన్స్‌తో సాధారణంగా నడపగలిగేది 3500 కిలోల వరకు, డ్రైవరు కాక 8 సీట్ల వరకు. మిగతా చోట్ల హద్దులు వేరుగా ఉంటాయి.

3. సీట్లు: ఇక్కడ సర్దుకుపోవద్దు

పనికి వాడిన వ్యాన్‌లో తర్వాత సీట్లు బిగించి "ఫ్యామిలీ వ్యాన్" అని అమ్మడం తరచూ జరుగుతుంది. కంపెనీ నుంచి వచ్చిన సీట్లకీ, వీటికీ తేడా గుర్తుపట్టాలి. సీటు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూడండి. పల్చటి రేకుకు బోల్టు వేసి, కింద ఒక చిన్న వాషర్ పెట్టి ఉంటే ఆ సీటు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. గట్టి ప్రమాదంలో సీటు మనిషితో సహా ఊడి వస్తుంది.

- ప్రతి సీటుకీ భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు ఉండాలి. ప్రతి బెల్టునూ పూర్తిగా బయటికి లాగి, అంచులు చిరిగాయేమో చూసి, ఒక్క ఉదుటున లాగితే బిగుస్తుందో లేదో పరీక్షించండి.
- పిల్లల సీటు కోసం ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా? ఏ సీట్లకి? మీరు తెచ్చిన పిల్లల సీటు అక్కడికక్కడే బిగించి చూడండి.
- పక్కకి తిరిగి ఉండే బెంచీలు ప్రయాణానికి పనికిరావు. బండి ఆపాక కూర్చోవడానికి మాత్రమే.
- రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన సీట్ల సంఖ్యా, బండిలో ఉన్నదీ ఒకటేనా? తేడా ఉంటే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

సీట్ల వెనక సామాను పెట్టేవాళ్లకి ఇనుప జాలీయో, గట్టి అడ్డుగోడో తప్పనిసరి. వెనక బిగించకుండా వదిలేసిన పనిముట్ల పెట్టె, సడన్ బ్రేక్ వేస్తే పిల్లల తలల వైపే వస్తుంది. పెట్టెను నేల మీది కొక్కేలకు పట్టీతో కట్టాలి. ఆ కొక్కేలు అసలు ఉన్నాయో లేదో, తుప్పు పట్టాయో చూడండి. జాలీ లేకపోతే దాని ఖర్చును బండి ధరలో కలిపి లెక్కేసుకోండి.

ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్లు కొంచెం ఎత్తుగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనే తీసుకెళ్లి ఎక్కించి, దించి చూడండి. పట్టుకోవడానికి హ్యాండిల్, అడుగు పెట్టడానికి మెట్టు లేకపోతే రోజూ ఇబ్బందే.

4. ఏ రకం ఫోర్ వీల్ డ్రైవో తెలుసుకోండి

పరీక్షించే పద్ధతి రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇంతవరకు మాత్రం సిద్ధాంతం కావాలి.

*డ్రైవరు వేసుకునే రకం.* మామూలుగా రెండు చక్రాల మీద నడుస్తుంది, లివర్ వేస్తే నాలుగూ కలుస్తాయి. పాత మిత్సుబిషి డెలికా ఎల్300 ఇలాంటిది. లో రేంజ్ గేర్ (బండిని చాలా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపేది) ఉంటుంది కాబట్టి బరువుతో నిటారు ఎత్తులు ఎక్కడానికి బాగుంటుంది. పొడి తారు రోడ్డు మీద మాత్రం నాలుగు చక్రాలు కలిపి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు కనుక భాగాలు మెలిపడి తెగుతాయి.

*రెండు విధాలా వాడుకోగలిగేది.* డెలికా స్పేస్ గేర్, అంటే ఎల్400లో వచ్చే సూపర్ సెలెక్ట్‌లో మధ్య డిఫరెన్షియల్ ఉంది. తారు మీద కూడా 4హెచ్‌లో (మామూలు వేగంలో నాలుగు చక్రాలతో) నడపొచ్చు, కావాలంటే లాక్ చేసుకోవచ్చు, లో రేంజ్ కూడా ఉంది. ఇంటికీ పనికీ కలిపి చూస్తే నాకు నచ్చే ఏర్పాటు ఇదే.

*విస్కస్ కప్లింగ్ రకం.* ఫోక్స్‌వ్యాగన్ టీ3, టీ4 సింక్రో వ్యాన్లలో ఉండేది. చిక్కటి సిలికాన్ ద్రవం నిండిన డబ్బా ఒకటి, చక్రాలు జారినప్పుడు దానంతటదే బిగుసుకుని రెండో ఇరుసుకు శక్తి పంపుతుంది. మీరు నొక్కాల్సిన బటన్ ఏమీ లేదు. ఆ డబ్బా వయసు మీద పడి చచ్చుబడిపోవచ్చు, లేదా శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు.

*కంప్యూటర్ నడిపే క్లచ్.* ఫోక్స్‌వ్యాగన్ టీ5, టీ6 ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్లలో (వీటి పేరు ఫోర్‌మోషన్) హాల్డెక్స్ యూనిట్ ఇలాంటిదే. దీనికి వేరే ఆయిల్ ఉంటుంది, గడువు ప్రకారం మార్చాలి. మార్చకపోతే లోపలి పంపు మూసుకుపోయి వెనక చక్రాలు పనిచేయడం మానేస్తాయి. 2007లో వచ్చిన డెలికా డీ:5లో కూడా ఎలక్ట్రానిక్ కప్లింగే, డయల్ తిప్పి 2డబ్ల్యూడీ (టూ వీల్ డ్రైవ్), ఆటో, లాక్ ఎంచుకోవచ్చు. దీనికి లో రేంజ్ లేదు. మంచు రోడ్డుకి, తడి గడ్డికి బ్రహ్మాండం. లోతైన బురదలో భారీ బరువు లాగాలంటే కాదు.

ఒకే పేరుతో ఉన్న మోడల్‌లో కూడా సంవత్సరాన్ని బట్టి రకం మారుతుంది. మెర్సిడెస్ స్ప్రింటర్‌లో అలా మారింది కూడా. వెనక తలుపు మీది బ్యాడ్జి నమ్మకండి. అంటించే బ్యాడ్జి ఎవరైనా కొనుక్కోవచ్చు.

5. వెళ్లేముందు ఫోన్‌లో నాలుగు మాటలు

బండి ఎన్నేళ్లుగా మీ దగ్గర ఉంది, ఎందుకు అమ్ముతున్నారు? టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు, బిల్లు ఉందా? ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే పెట్టె), డిఫరెన్షియల్ ఆయిళ్లు ఎప్పుడైనా మార్చారా? ఫోర్ వీల్ డ్రైవ్ చివరిసారి ఎప్పుడు వాడారు? చివరి రెండిటికీ తడుముకుంటే ఆ పని జరగలేదనే అనుకోండి.

"నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి" అని కూడా చెప్పండి.

6. చల్లటి ఇంజన్‌తో మొదలు

వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే, అడిగినా ఎందుకు స్టార్ట్ చేశారో తెలుసుకోండి. చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. కూలెంట్‌లో నూనె తెట్టె, ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటి పొర కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. దగ్గర దగ్గర తిరిగే బండికి మూత కింద కాస్త పొర రావచ్చు, ఆయిల్ గేజ్ కర్రకి కూడా అంటుకుంటే మాత్రం వదిలేయండి.

తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్ దీపాలన్నీ ఒకసారి వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగని దీపం, ఆరని దీపం కంటే ప్రమాదకరం. ఎవరో బల్బు పీకేసి ఉండొచ్చు.

సెల్ఫ్ కొట్టగానే వెనక పొగ చూడమని తోడు మనిషికి చెప్పండి. ఆగకుండా వచ్చే నీలిరంగు పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే మానుకోండి. డీజిల్ బండి ఎక్సలేటర్ గట్టిగా తొక్కితే కాస్త నల్లగా వదలొచ్చు, మేఘంలా రాకూడదు. కొత్త డీజిళ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. మీ రోజువారీ పని చిన్న చిన్న దూరాలే అయితే ఆ ఫిల్టర్ మూసుకుపోతూనే ఉంటుంది. అలాంటివాళ్లు పెట్రోల్ వ్యాన్ చూసుకోవడం మేలు.

సీటు కింద ఇంజన్ ఉండే వ్యాన్లలో కూలెంట్ గొట్టాలు చాలా పొడవు. వెనక సీట్ల హీటర్‌కి వెళ్లే గొట్టాలు బండి కింద తుప్పు పట్టి కారతాయి. మాజ్దా బోంగో ఫ్రెండీ యజమానులు కూలెంట్ తగ్గగానే మోగే అలారం ప్రత్యేకంగా పెట్టించుకునేది ఇందుకే. వెనక హీటరు, వెనక ఏసీ విడిగా ఆన్ చేసి పది నిమిషాలు వదలండి. అమ్మేవాళ్లు వాటిని వాడి ఏళ్లయి ఉండొచ్చు, మీ పిల్లలకి మాత్రం రోజూ కావాలి.

7. బండి కింద పడుకుని చూడండి

దుప్పటి పరిచి, టార్చి వేసుకుని తీరిగ్గా చూడాల్సిన భాగం ఇది. జాకీ మీద ఎత్తిన బండి కిందికి మాత్రం ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు వేయాలి, లేదా గ్యారేజీ లిఫ్ట్ మీదికి ఎక్కించాలి.

తుప్పు మొదట వెతకాల్సిన చోట్లు: చక్రాల వంపుల లోపల, తలుపుల కింది అంచులు, జారే తలుపు పట్టాలు, కమాన్ కట్టలు ఛాసిస్‌కి తగిలే చోటు, బ్రేక్ గొట్టాలు. పైపైన గోధుమరంగు తుప్పు పర్వాలేదు. స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఖంగుమనాలి. మెత్తగా బద్‌మని శబ్దం వస్తే లోపల తినేసింది. బండి పైభాగం పాతగా ఉండి, కింద మాత్రం తాజా నల్ల పూత మెరుస్తుంటే దాని వెనక ఏముందో అడగండి. బాడీ మీద అయస్కాంతం అతుక్కోని చోట లప్పం పెట్టి పెయింట్ కొట్టారని అర్థం. కొన్ని బండ్లలో బానెట్ లాంటి భాగాలు అల్యూమినియంవో, ప్లాస్టిక్‌వో ఉంటాయి, అది గుర్తుంచుకోండి.

తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ఇరుసుకు శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీ చూడండి. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా శక్తి తీసుకెళ్లే దారి మొత్తం కళ్లకి కనబడాలి. కప్లింగ్ చెడిపోయిన బండ్లలో షాఫ్ట్‌ని ఊడదీసి పక్కన పెట్టేసి నడిపేవాళ్లున్నారు. అలా తీస్తే మలుపుల్లో పట్టేయడం, శబ్దం రెండూ పోతాయి, బండి మెత్తగా నడుస్తుంది, అలాగే అమ్ముడైపోతుంది కూడా. షాఫ్ట్ ఉన్నా దాని బోల్టులు చూడండి. చుట్టూ అంతా మట్టి, తుప్పు ఉండి ఆ నాలుగు బోల్టుల తలలు మాత్రం పానా గీతలతో మెరుస్తుంటే ఈమధ్యే తీసి బిగించారు. ఎందుకో బిల్లుతో సహా చెప్పగలగాలి. షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పైకీ కిందికీ ఊపండి. క్రాస్ జాయింట్ దగ్గర లొటలొట ఉండకూడదు.

ముందు చక్రాల వెనక జాయింట్ల మీది రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగి గ్రీజు చిమ్మి ఉందా? ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు, వెనక ఇరుసుల రెండు డిఫరెన్షియళ్లు తడిగా ఉన్నాయా? కొద్దిగా చెమ్మ వయసుది, బొట్టు వేలాడుతుంటే సీలు పోయినట్టే. డిఫరెన్షియల్ అడుగున గట్టి సొట్టలు, చక్రాలను పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్‌లలో వంపులు ఉంటే బండిని రాళ్ల మీద బాగా కొట్టారు. కార్పెట్ల కింద, వైర్ల సాకెట్లలో ఎండిన సన్నటి ఒండ్రు కనిపిస్తే నీళ్లలో దింపారు. అప్పుడు డిఫరెన్షియల్ ఆయిల్ నింపే మూత తీసి చూపించమనండి. ఆయిల్ పాలలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి.

8. నాలుగు టైర్లూ ఒక్కటేనా?

టూ వీల్ డ్రైవ్ బండికి టైర్ల తేడా చిన్న విషయం. ఇక్కడ కాదు. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేస్తే చుట్టుకొలత మారి, కప్లింగ్ రోజంతా ఆ తేడాను సర్దుతూ వేడెక్కి చచ్చిపోతుంది. సైజు, బ్రాండు, రకం నాలుగింటికీ ఒకటే ఉండాలి. అరుగుదల గేజ్‌తో కొలవండి. ఎంత తేడా ఒప్పుకోవచ్చో బండి మాన్యువల్‌లో ఉంటుంది. నేనైతే 2 మిల్లీమీటర్లు దాటితే నాలుగు కొత్త టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమంటాను.

టైరు వయసు దాని పక్క గోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగంకెల్లో ఉంటుంది. 3221 అంటే 2021లో 32వ వారం. స్టెప్నీ కూడా చూడండి, సైజు వేరైతే ఫోర్ వీల్ డ్రైవ్‌లో వాడలేరు.

9. ఫోర్ వీల్ డ్రైవ్ పరీక్ష

హెచ్చరిక: ఒక ఇరుసును మాత్రమే జాకీ మీద ఎత్తి, ఇంజన్ నడిపి చక్రాలు తిరుగుతున్నాయేమో చూడొద్దు. నేల మీదున్న చక్రాలు పట్టు దొరికించుకుంటే బండి జాకీ మీంచి దూకుతుంది. ఈ సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, వినకండి.

*డ్రైవరు వేసుకునే రకానికి:* కంకర, ఇసుక లేదా మట్టి నేల కావాలి. ముందు 2హెచ్‌లో (రెండు చక్రాల మీద) స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా ఒక చుట్టు వేయండి. తర్వాత 4హెచ్ వేసి, కాస్త దూరం తిన్నగా నడిపి, అదే చుట్టు మళ్లీ వేయండి. ఈసారి స్టీరింగ్ బరువెక్కాలి, బండి పట్టేసినట్టుండాలి, టైర్లు కంకరను రాపాడించాలి. మొదటి చుట్టంత తేలిగ్గా తిరిగిందంటే ముందు ఇరుసుకు శక్తి అందడం లేదు. చక్రాల మధ్యలో చేత్తో తిప్పే లాకింగ్ హబ్‌లు ఉన్నాయేమో, అవి ఫ్రీలో ఉన్నాయేమో చూసి ఇంకోసారి చేయండి. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి లో రేంజ్ వేయండి. బండి నత్తనడక నడవాలి, ఇంజన్ మోత పెరగాలి. మళ్లీ బయటికి కూడా రావాలి. లోపలికి వెళ్లి ఇరుక్కునే లివర్లున్నాయి. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ బొమ్మ ఆగకుండా మిణుకుమంటుంటే కలయిక పూర్తి కాలేదని అర్థం.

*విస్కస్ రకానికి:* రెండు పరీక్షలు. బండిని కనీసం అరగంట నడిపి వేడెక్కించాక, చదునైన పొడి తారు మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మొదటి గేరులో ఎక్సలేటర్ వదిలేసి చుట్టు తిరగండి. ఎవరో బ్రేక్ పట్టుకున్నట్టు ఈడ్చుకుంటూ, కుదుపులతో తిరిగితే కప్లింగ్ బిగుసుకుపోయింది. తేలిగ్గా తిరిగితే అది సగం పరీక్షే. రెండోది వదులు నేల ఎత్తు మీద. ఆపి, మళ్లీ ఎక్కించండి. తోడు మనిషి పక్కగా, దూరంగా నిలబడి చక్రాలను ఫోన్‌లో వీడియో తీయాలి. ఒక ఇరుసు చక్రాలు గిర్రున జారుతూ, రెండో ఇరుసు చక్రాలు ఏమీ చేయకుండా ఉండిపోతే కప్లింగ్ చచ్చుబడింది.

*హాల్డెక్స్ లాంటి వాటికి:* ఇదే ఎత్తు పరీక్ష. నిలిచి ఉన్న బండిని కాస్త గట్టిగా ఎక్సలేటర్ తొక్కి కదిలించండి. ముందు చక్రాలు ఒక్క క్షణం జారి, వెంటనే వెనక నుంచి తోపు రావాలి. వీడియో నిదానంగా ఆడించి చూస్తే స్పష్టంగా కనబడుతుంది. స్కానర్ పెట్టి ఆ మాడ్యూల్‌లో కోడ్‌లు చదవండి. కోడ్ లేదని పూర్తిగా నమ్మకండి, పంపు బలహీనపడిన తొలి దశలో కోడ్ రాకపోవచ్చు.

అమ్మేవాళ్లు "ఇక్కడ మట్టి నేల లేదండీ" అంటే వెతికి తీసుకెళ్లండి. పరీక్ష ఒప్పుకోకపోతే టూ వీల్ డ్రైవ్ ధర చెప్పండి. అంతకు మించి ఇవ్వడానికి కారణం లేదు.

10. రోడ్డు మీద

ఖాళీ బండి నడిపితే ఏమీ తెలియదు. ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకోండి. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఎక్సలేటర్ తొక్కుతూ, వదులుతూ వినండి. తొక్కినప్పుడు ఒక కూత, వదిలినప్పుడు ఇంకో కూత వినిపిస్తే డిఫరెన్షియల్ పళ్లు అరిగాయి. ఎక్సలేటర్‌తో సంబంధం లేకుండా వేగంతో పెరిగే గురగుర అయితే చక్రం బ్యారింగో, టైరో. ముందుకీ రివర్స్‌కీ మారుస్తున్నప్పుడు కింద "టక్" మని గట్టిగా కొడితే జాయింట్లలో ఖాళీ పెరిగింది. ఖాళీ రోడ్డు చూసుకుని గట్టిగా బ్రేక్ వేస్తే తిన్నగా ఆగాలి.

చివరి సీట్లో మీరే కూర్చుని కొంత దూరం రండి. ఎగుడుదిగుళ్లు, మోత, వేడి అక్కడే తెలుస్తాయి.

స్కానర్‌లో ఇంకొకటి చూడాలి. కోడ్‌లు ఏమీ లేకుండా, రెడినెస్ పరీక్షలు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే తనిఖీలు) చాలావరకు "పూర్తి కాలేదు" అని చూపిస్తే, మీరు వచ్చేముందు కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు. కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూస్తానని చెప్పండి.

11. పత్రాలు

ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు. బండి మీద, అద్దం కింద లేదా తలుపు స్తంభం మీద, పత్రంలో ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. జపాన్ దేశీయ మార్కెట్ నుంచి వచ్చిన బండ్లకి దీనికంటే పొట్టి ఫ్రేమ్ నంబర్ ఉంటుంది, అది తప్పు కాదు. అప్పు బాకీ ఉందేమో, లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన రీకాల్స్ మిగిలి ఉన్నాయేమో నంబరుతో చూడండి. ఇన్సూరెన్స్ వాళ్లకి పనికీ ఇంటికీ రెండింటికీ వాడతానని ముందే చెప్పండి. ఇంటికి మాత్రమే అని రాయిస్తే క్లెయిమ్ నాడు టెన్షన్ మీదే. దిగుమతి బండి అయితే గేర్‌బాక్స్, కప్లింగ్ భాగాలు మీ చుట్టుపక్కల దొరుకుతాయో లేదో డబ్బు కట్టకముందే ఒక మెకానిక్‌ని అడగండి.

వదులుకోవాల్సిన బండి, బేరమాడాల్సిన బండి

ఛాసిస్ తినేసిన తుప్పు, పాలరంగు డిఫరెన్షియల్ ఆయిల్, నంబర్ల తేడా, పల్చటి రేకుకు బిగించిన సీట్లు: వీటిలో ఒక్కటున్నా ఎంత చవకైనా వద్దు. చిరిగిన బూట్లు, సీళ్ల చెమ్మ, అరిగిన టైర్లు, పనిచేయని వెనక ఏసీ అయితే మెకానిక్‌తో ఖర్చు రాయించి ధర తగ్గించుకోండి. కప్లింగ్ చెడిన బండి కూడా, బాడీ గట్టిదైతే, ఖర్చు పూర్తిగా తగ్గించి ఇస్తే ఆలోచించొచ్చు. మిగతా యంత్రం మార్చొచ్చు గానీ తుప్పు తిన్న ఛాసిస్‌ని మార్చలేం.

రంగుకీ, డ్యాష్‌బోర్డు తెరకీ, బండి ఎత్తు పెంచే కిట్‌కీ ఎక్కువ డబ్బు పెట్టకండి. ఎత్తు పెంచిన బండ్లలో షాఫ్ట్ కోణాలు మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి. మొత్తం డబ్బు బండికే పోయకుండా ధరలో పదో వంతుకు తగ్గకుండా మొదటి సర్వీసు కోసం పక్కన ఉంచండి.

12. కొన్నాక మొదటి వెయ్యి కిలోమీటర్లు

బిల్లు లేని ఆయిల్ ఏదైనా మార్చించండి: ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియళ్లు, హాల్డెక్స్ ఉంటే అదీ. ఏ రకం ఆయిలో మాన్యువల్ చూసి పోయించండి, అన్నిట్లో ఒకటే పోసే గ్యారేజీలో చేయించకండి. పని జరిగేటప్పుడు దగ్గరుండి, ఆయిల్ వదిలే బోల్టుల అయస్కాంతం చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే. గోరుకి తగిలే ముక్కలు, పొరలు వస్తే లోపల పళ్లు విరుగుతున్నాయి. కొన్న ఆ వారంలోనే అమ్మినవాళ్లతో మాట్లాడండి.

వెయ్యి కిలోమీటర్లయ్యాక ఆయిల్, కూలెంట్ మట్టాలు మళ్లీ చూసి, స్కానర్ పెట్టి, టైర్ల అరుగుదల కొలవండి. డ్రైవరు వేసుకునే రకమైతే నెలకోసారి మట్టి నేల మీద నాలుగైదు కిలోమీటర్లు 4హెచ్‌లో నడపండి. వాడకుండా వదిలేస్తే లివర్లు, వ్యాక్యూమ్ వాల్వులు పట్టేస్తాయి. లో రేంజ్ కూడా ఒకసారి వేసి తీయండి.